కాజా తినేసిన బాబు, వేలిముద్రల నివేదిక

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర ఒక శివారు గ్రామం. మావారు మూడెకరాలు కౌలుకు చేస్తారు. పాపకు పదిహేనేళ్లు, పదో తరగతి. బాబుకు తొమ్మిదేళ్లు. మొన్న బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టి, మార్ష్‌మాలో అనే మిఠాయితో పిల్లలకు చేసిన పరీక్ష వీడియో చూపించారు. ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకి వస్తారని చెప్పారు. తరువాత వేలిముద్రలతో మెదడు పరీక్ష అని ఇద్దరికీ కలిపి ఆరు వేలు తీసుకున్నారు. బాబు కుడి మెదడు పిల్లవాడనీ, చేతులతో చేస్తేనే నేర్చుకునే రకమనీ, స్వీయ నియంత్రణ 31 శాతమేననీ, పాపకు లెక్కలు సరిపడవు కనుక బైపీసీ మేలనీ నివేదికలో రాశారు. పాపకేమో ఎంపీసీ చదవాలని ఉంది. ఇంటికి వచ్చాక నేనే ఇద్దరి ముందూ చెరొక తాపేశ్వరం కాజా పెట్టి, పావుగంట ఆగితే రెండోది ఇస్తానన్నాను. పాప ఆగింది. బాబు నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా తినేశాడు. మావారు అన్నీ మేనమామ పోలికలే అంటున్నారు (మా తమ్ముడు తొందరపడి రొయ్యల చెరువు పెట్టి నష్టపోయాడు). మొక్కై వంగనిది మానై వంగునా, హాస్టల్లో వేద్దామంటున్నారు. దాళ్వా ధాన్యం డబ్బులు రాగానే సైకిల్ కొంటామని రెండేళ్లుగా ఆశ పెడుతున్నా బాబు పుస్తకం ముందు కూర్చోవడం లేదు. విశాఖలో సైకాలజీ చదువుతున్న మా అక్క కొడుకు మాత్రం, ఆ ప్రయోగాలన్నీ తప్పని తేలిపోయాయి, సైకాలజీలో సగం అబద్ధమే పిన్నీ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? బాబును హాస్టల్లో వేయాలా?

సమాధానం:

అమ్మా,

హాస్టల్ మాటకు ముందుగా జవాబు చెప్పి, కారణాలలోకి తరువాత వెళతాను. ఈ నివేదికను బట్టి గాని, ఆ కాజాను బట్టి గాని బాబును హాస్టల్లో వేయవద్దు. దగ్గరలో సరైన బడి లేకనో, ఇంట్లో చూసుకునేవారు లేకనో పిల్లలను హాస్టల్లో ఉంచవలసి రావడం వేరు, తొమ్మిదేళ్ల పిల్లవాడు కాజా తినేశాడని ఇల్లు దాటించడం వేరు. మీ ఉత్తరంలో నలుగురు మాట్లాడుతున్నారు: బడివారు, వేలిముద్రలు తీసుకున్నవారు, మీవారు, మీ అక్క కొడుకు. వీరిలో వేలిముద్రలవారి మాట ఒక్కటే పూర్తిగా నిరాధారం. మిగిలిన ముగ్గురూ నిజంగా జరిగిన పరిశోధనల తాలూకు తలా ఒక ముక్క పట్టుకొని మాట్లాడుతున్నారు, కాని ఆ ముక్కకు ముందూ వెనకా ఏముందో మీకు ఎవరూ చెప్పలేదు.

నిరాధారమైనదాన్ని ముందు పక్కన పెడదాం. వేలి కొసల మీది గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, జీవితాంతం మారవు. ఈ రెండు నిజాలనూ చూపించి, కనుక పుట్టుకతో వచ్చిన తెలివి అక్కడ రాసి ఉంటుందని నమ్మించడం ఆ వ్యాపారంలోని కిటుకు. డౌన్ సిండ్రోమ్ వంటి కొన్ని స్థితులలో అరచేతి గీతలలో తేడాలు కనిపించే మాట వాస్తవమే. అక్కడినుంచి లెక్కలు వస్తాయో రావో చెప్పడానికి దూకడం మాత్రం ఏ శాస్త్రమూ ఒప్పుకునే దూకుడు కాదు. జన్యువులన్నీ ఒకటే అయిన సమరూప కవలలకు సైతం వేలిముద్రలు ఒకటిగా ఉండవు. అలాంటప్పుడు ఆ గీతలలో పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞ ఎలా తెలుస్తుందో ఆ నివేదిక రాసినవారే చెప్పాలి. తమాషా ఏమిటంటే, ఈ సంబంధాన్ని నూట ముప్పై ఏళ్ల క్రితమే ఒక పెద్ద మనిషి వెతికి చూశాడు. ప్రతిభ అంతా వంశంలోనే ఉంటుందని గట్టిగా నమ్మిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్, 1892లో వేలిముద్రల మీద తాను వెలువరించిన గ్రంథంలో, మనుషుల జాతి, స్వభావం ఈ గీతలలో తెలుస్తాయని ఎంతో ఆశపడ్డాననీ, ఆ ఆశ వమ్మయిందనీ తానే రాసుకున్నాడు. అంత మొగ్గు ఉన్నవాడికే దొరకనిది ఆరు వేలకు మీ ఇంటికి వచ్చింది.

మీరు అడగకపోయినా ఒక మాట ఊహించగలను. నివేదికలోని కొన్ని వాక్యాలు మా బాబును చూసి రాసినట్టే ఉన్నాయని మీకు అనిపించి ఉంటుంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ఆచార్యుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తరువాత ఎవరి ఫలితం వారికి విడిగా ఇచ్చి, ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు పడ్డాయి. ఆయన ఇచ్చిన కాగితం అందరికీ ఒకటే, అందులోని వాక్యాలు చాలావరకు బజారులో దొరికే జాతకాల పుస్తకం నుంచి ఎత్తినవి. కుడి మెదడు, ఎడమ మెదడు అన్న విభజనకూ ఇంతకంటే గట్టి పునాది లేదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవారు వెయ్యిమందికి పైగా మెదడు స్కానులు పరిశీలించినప్పుడు, ఒక మనిషి మొత్తంగా ఒక వైపు మెదడునే ఎక్కువగా వాడతాడనడానికి ఆధారం దొరకలేదు. చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం, చేతులతో నేర్చుకునే రకం అన్న మాట ఉపాధ్యాయ శిక్షణలలో ఇప్పటికీ వినిపిస్తుంది గాని, పిల్లవాడి రకానికి తగినట్టు పాఠం మారిస్తే ఎక్కువ నేర్చుకుంటాడని నిరూపించే సరైన ఆధారాలు లేవని 2008లోనే హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు పరిశోధన వ్యాసాలన్నీ వెతికి తేల్చారు. ఇక ఆ నివేదికను మీరు బీరువా పైన పెట్టేయవచ్చు.

మిఠాయి పరీక్ష సంగతి వేరు. అది మంచి శాస్త్రవేత్త చేసిన మంచి ప్రయోగం. దాని మీద ఇప్పటికీ వాదం నడుస్తోంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. వాల్టర్ మిషెల్ 1960ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని శిశు పాఠశాలలో దీనిని మొదలుపెట్టాడు. నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒక తీపి వస్తువు పెట్టి, తాను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు ఇస్తానని చెప్పి బయటికి వెళ్లేవారు. ఎవరు ఆగుతారన్నదానికంటే ఎలా ఆగుతారన్నది ఆయన అసలు ప్రశ్న. మిఠాయి మీద మూత పెడితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు, కంటికి ఎదురుగా ఉంచితే త్వరగా తినేశారు. అదేదో మబ్బుముక్క అనుకొమ్మని ఒక చిన్న ఊహ అందించినా ఆగగలిగారు. అంటే ఆగడం అనేది పిల్లవాడి ఒంట్లో ఇంత అని కొలిచి పోసిన ద్రవ్యం కాదనీ, మూత ఉందో లేదో, మనసును ఎటు మళ్లించాలో తెలుసో లేదో అన్నదాని మీద ఆధారపడిందనీ ఆ ప్రయోగాలు చూపాయి. పైగా ఈ మిషెలే 1968లో ఒక పుస్తకం రాసి, మనిషి స్వభావం అన్ని సందర్భాలలోనూ ఒకేలా పనిచేస్తుందన్న నమ్మకం మీద పెద్ద దెబ్బ కొట్టాడు. ఇంట్లో మొండికేసే పిల్లవాడు బడిలో మొండివాడు కాకపోవచ్చునని వాదించిన మనిషి పేరు మీదే, నాలుగేళ్లకే పిల్లవాడి జాతకం తేలిపోతుందన్న వీడియోలు తిరుగుతున్నాయి.

ఆ జాతకం మాట 1990లో వచ్చిన ఒక వ్యాసంతో మొదలయింది. పెద్దవారైన ఆ పిల్లలను వెతికి పట్టుకొని చూస్తే, చిన్నప్పుడు ఎక్కువసేపు ఆగినవారికి కళాశాల ప్రవేశ పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినట్టు కనిపించింది. అయితే మార్కులతో పోల్చి ఆ ఫలితం చూపించిన ముఖ్యమైన విభాగంలో ఉన్న పిల్లలు 35 మంది. అందరూ ఒక గొప్ప విశ్వవిద్యాలయం చుట్టూ ఉండే కుటుంబాలవారు. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ తొమ్మిది వందలకు పైగా పిల్లల వివరాలతో ఇదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఈసారి పేద, మధ్యతరగతి ఇళ్ల పిల్లలు, తల్లి డిగ్రీ చదవని పిల్లలు ఎక్కువగా ఉన్నారు. ఆగిన సమయానికీ పదిహేనేళ్ల వయసులో చదువుకూ సంబంధం పాత అంచనాలో సగమే ఉంది. కుటుంబ స్థితి, ఇంటి వాతావరణం, చిన్నప్పటి తెలివితేటలు లెక్కలోకి తీసుకోగానే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది. 2024లో అదే పిల్లలను ఇరవై ఆరేళ్ల వయసులో చూసినప్పుడు, వారి జీవితం ఎలా సాగుతుందో మిఠాయి పరీక్ష నమ్మదగినట్టుగా ముందే చెప్పలేకపోయింది.

ఇక్కడ ఆగి మీ ఉత్తరంలోని సైకిల్ దగ్గరికి రావాలి. దానిని మీరు బాబు చదవకపోవడం గురించి రాస్తూ ఏదో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. 2013లో సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అమెరికాలోని రోచెస్టర్‌లో 28 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం ప్రచురించారు. మిఠాయి పెట్టడానికి ముందు పిల్లలకు బొమ్మలు వేసే పని ఇచ్చి, కొంచెంసేపు ఆగితే ఇంతకంటే మంచి రంగులు తెస్తామన్నారు. సగంమందికి చెప్పినట్టే తెచ్చారు. మిగిలిన సగంమంది దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి, ఉన్నాయనుకున్నాం గాని లేవు, పాతవాటితోనే వేసుకోండి అన్నారు. ఆ తరువాత మిఠాయి పరీక్ష పెడితే, తమకిచ్చిన మాట నిలిచిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, తమకిచ్చిన మాట నిలవని పిల్లలు మూడు నిమిషాలు ఆగారు. పుట్టుకలో తేడా లేదు, ఏ పిల్లవాడు ఏ గుంపులో పడతాడన్నది యాదృచ్ఛికం. రెండోది వస్తుందో రాదో తెలియనప్పుడు చేతిలో ఉన్నదాన్ని తినేయడం తెలివితక్కువ పని కాదు.

మీరు మాట తప్పారని నిందించడం లేదు. దాళ్వా పంట ఏ తేదీన కోతకు వస్తుందో, ధాన్యం ఎప్పుడు కాటాకు ఎక్కుతుందో, డబ్బు ఎన్నడు ఖాతాలో పడుతుందో, పడ్డాక కౌలు, ఎరువుల బాకీ పోగా ఎంత మిగులుతుందో చెప్పగలిగిన కౌలు రైతు డెల్టాలో ఎవరున్నారు? పెద్దలకు అది గ్రహచారం. తొమ్మిదేళ్లవాడికి మాత్రం అది అమ్మానాన్నలు రెండేళ్లుగా రేపు రేపు అంటున్న సైకిల్. మీరు వంటింట్లోకి వెళ్తూ ఇంకో కాజా ఇస్తానన్నప్పుడు వాడి మనసులో ఏ లెక్క జరిగిందో నేను చూడలేదు కనుక అదే కారణమని తీర్పు చెప్పను. అయితే బాబు ఒక్కడి గురించే ఒక్క పూట చేసిన పరీక్ష అని మీరనుకున్నది, ఇంట్లో మాటలు ఎంతవరకు నిలుస్తున్నాయన్నదానికి కూడా పరీక్ష అయి ఉండవచ్చు. పాప ఆగిందన్నారు. పదిహేనేళ్ల పిల్లకు కాజా మీద ఏం వ్యామోహం ఉంటుంది, తమ్ముడి ముందు తినడానికి సిగ్గు కూడాను. వారిద్దరినీ పోల్చడం చెల్లదు.

ఇంకొకటి గమనించండి. వినాయక చవితినాడు ఉండ్రాళ్లు పీట మీద పెట్టి, కథ చదివి, అక్షతలు వేసుకొని, హారతి అయి, నైవేద్యం పూర్తయ్యేదాకా మీ బాబు ఎంతసేపు కూర్చుంటాడు? మన ఇళ్లలో చాలామంది పిల్లలు గంటసేపు కూర్చుంటారు, ముట్టుకోరు. అదే పిల్లవాడు, అదే నోరు, అదే తీపి. 2022లో జపాన్, అమెరికా పిల్లలను పోల్చిన పరిశోధకులకు ఇలాంటిదే ఎదురైంది. అందరూ కూర్చున్నాకే భోజనం మొదలుపెట్టే అలవాటున్న జపాన్ పిల్లలు తినే వస్తువు కోసం ఎక్కువసేపు ఆగారు. కానుకల పొట్లాలు పండుగ వేళ వచ్చేదాకా విప్పని అలవాటున్న అమెరికా పిల్లలు కానుక కోసం ఎక్కువసేపు ఆగారు. కామెరూన్‌లోని ఎన్సో రైతుల పిల్లలలో దాదాపు నూటికి డెబ్బైమంది రెండో తీపి కోసం చివరిదాకా ఆగితే, అదే పరీక్షలో జర్మనీ పిల్లలలో ఆగినవారు ముప్పై కంటే తక్కువని 2018లో ప్రచురించారు. సైకాలజీలో ఈ పదిహేనేళ్లుగా సాగుతున్న పెద్ద చర్చలలో ఇది ఒకటి. ప్రయోగాలలో పాల్గొన్నవారిలో నూటికి 96 మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య సంపన్న దేశాలవారని 2008లో జెఫ్రీ ఆర్నెట్ లెక్క తీశాడు. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, అరా నొరెంజయాన్ ఆ అంకెను ముందు పెట్టి, ఈ కొద్దిమందిని చూసి మనిషి ఇలా ఉంటాడని ఎలా రాస్తున్నారని నిలదీశారు. మీ బడిలో వీడియో చూపినవారు ఈ ప్రశ్న వేసుకోలేదు.

అలాగని ఆగడం, తమాయించుకోవడం ఏ విలువా లేని విషయాలని చెప్పడానికి వీల్లేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. చిన్నతనంలో స్వీయ నియంత్రణ ఎక్కువ ఉన్నవారికి ముప్పై రెండేళ్ల వయసులో ఆరోగ్యం, డబ్బు వ్యవహారాలు మెరుగ్గా ఉన్నాయని టెర్రీ మఫిట్ బృందం 2011లో చూపింది. తేడా ఎక్కడంటే, అక్కడ స్వీయ నియంత్రణను మూడు నుంచి పదకొండేళ్ల వయసు వరకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశీలకులు, చివరికి పిల్లలే చెప్పినదానిని కూడగట్టి కొలిచారు. ఎదిగే క్రమంలో నియంత్రణ మెరుగుపడిన పిల్లల జీవితం ఊహించినదానికంటే బాగుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఎనిమిదేళ్లు గమనించి చెప్పిన మాటకూ, ఒక కాజాతో చెప్పిన మాటకూ ఒకే బరువు ఇవ్వలేం.

ఇక మీవారు చెప్పే మేనమామ పోలిక. ఈ మాట విన్నప్పుడు మీకు కష్టం కలిగి ఉంటుంది గాని, స్వభావంలో వంశం పాత్ర ఉందనడం తప్పు కాదు. యాభై ఏళ్లలో జరిగిన కవలల అధ్యయనాలన్నింటినీ, అంటే దాదాపు 1 కోటి 45 లక్షల కవలల జంటల వివరాలను, 2015లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, లక్షణాలన్నింటికీ కలిపి అనువంశికత సగటున 49 శాతంగా తేలింది. ఈ అంకెను అర్థం చేసుకోవడంలోనే చదువుకున్నవారు కూడా పొరపడతారు. మీ బాబు తొందరపాటులో రూపాయికి నలభై తొమ్మిది పైసలు రక్తం నుంచి, మిగిలినది పెంపకం నుంచి వచ్చాయని దాని అర్థం కాదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలలో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందన్నదే ఆ లెక్క, అదీ ఆ సమూహం బతుకుతున్న పరిస్థితులలో. సమూహం మారితే, పరిస్థితి మారితే అంకె మారుతుంది. మీవారి సంతృప్తి కోసం ఇంకొకటి: మేనరికాలు లేని ఇంట్లో మేనమామతో మేనల్లుడికి కలిసే జన్యువులు సగటున నాలుగో వంతు, తండ్రితో సగం. పోలిక లెక్క తీస్తే ఆయన వాటా రెట్టింపు.

ఆయన రైతు కనుక ఆయనకు నాకంటే బాగా తెలిసిన విషయంతోనే చెబుతాను. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, డెల్టాలో తెలియనివారు ఉండరు. ఒకే సంచిలోని ఆ విత్తనం ధవళేశ్వరం ఆనకట్టకు దగ్గరలో, కాలువ నీరు నిండుగా అందే పొలంలో వేశారనుకోండి, వంతు నీళ్ల కోసం రాత్రిళ్లు గట్ల మీద పడుకోవలసిన, కాలువ చివరనున్న మీ శివారు పొలంలోనూ వేశారనుకోండి. రెండు పొలాల దిగుబడిలో తేడా వస్తే విత్తనాన్ని తప్పు పట్టే రైతు లేడు. ఒకే పొలంలో, ఒకే నీటి కింద, పక్కపక్కనే రెండు రకాలు వేసినప్పుడు వచ్చే తేడా మాత్రం విత్తనానిదే. రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త ప్రజ్ఞ గురించిన వాదంలో యాభై ఏళ్ల క్రితం సరిగ్గా ఇదే ఉపమానం వాడాడు. అనువంశికత శాతం ఒకే పొలం లోపలి లెక్క, పొలానికీ పొలానికీ మధ్య తేడాను అది చెప్పదు.

ఇంతకంటే ముచ్చటైన సంగతి ఒకటుంది. ఇదే స్వర్ణలోకి, ముంపును తట్టుకునే ఒక ఒడిశా నాటు రకం నుంచి ఒక్క జన్యు భాగాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు చేర్చగా వచ్చిన స్వర్ణ సబ్-1ను 2009లో మన దేశంలో విడుదల చేశారు. మామూలు ఏడాది ఈ రెంటినీ పక్కపక్కనే చూస్తే దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. సార్వాలో వాయుగుండం వచ్చి, మురుగు కాలువలు పొంగి, చేను పదీ పన్నెండు రోజులు నీట మునిగినప్పుడే ఆ జన్యువు ఉందో లేదో బయటపడుతుంది. జన్యువు ఉండటం ఒకటి, అది పనిలోకి దిగే పరిస్థితి రావడం ఇంకొకటి. మనుషుల విషయంలో ఇది ఇంకా చిక్కైనది. ఎరిక్ టర్క్‌హైమర్ 2003లో ఏడేళ్ల కవలలను పరిశీలించి, సంపన్న కుటుంబాలలో ఐక్యూ తేడాలకు జన్యువుల తేడాలు ప్రధానంగా కనిపించగా, పేద కుటుంబాలలో వాటి పాత్ర దాదాపు కనిపించలేదనీ, అరవై శాతం దాకా ఇంటి పరిసరాలదేననీ చెప్పాడు. 2016లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఈ ధోరణి అమెరికాలో ఉందిగాని, పశ్చిమ ఐరోపాలో, ఆస్ట్రేలియాలో లేదు. చదువూ వైద్యమూ అందరికీ కొంత సమానంగా అందే దేశాలలో పేదరికం అంతగా అడ్డుపడకపోవడమే కారణం కావచ్చునని ఆ పరిశోధకులు భావించారు. కాలువ చివరిదాకా నీరు పారే చోట శివారు అన్న మాటకు అర్థం ఉండదు కదా. మీ తమ్ముడి రొయ్యల చెరువు సంగతి కూడా ఇలాగే చూడాలి. రొయ్యలకు తెగులు తగిలి, ధర పడి, నిదానస్తులు కూడా నష్టపోయిన గ్రామాలు మీ చుట్టుపక్కలే ఉన్నాయి.

మీ అక్క కొడుకు చెప్పినదానికి కూడా మూలం ఉంది. 2015లో బ్రయన్ నోసెక్ నాయకత్వంలో రెండు వందల డెబ్బైమంది పరిశోధకులు, 2008లో మూడు ప్రముఖ పత్రికలలో వచ్చిన వంద ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి నూటికి 97 ప్రయోగాలలో గణాంకపరంగా నిలబడిన ఫలితం, రెండోసారి 36లోనే నిలబడింది. సంకల్పబలం కండలాగా వాడితే అలిసిపోతుందన్న ప్రసిద్ధ సిద్ధాంతం 1998లో ముల్లంగి దుంపలు, చాక్లెట్ బిస్కెట్ల ప్రయోగంతో మొదలై పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. 2016లో ఇరవై మూడు ప్రయోగశాలలు రెండు వేలమందికి పైగా మనుషులతో చూసినప్పుడు ఆ ప్రభావం దాదాపు సున్నా. ఈ అలజడికి నిప్పు రాజేసిన వాటిలో ఒకటి, భవిష్యత్తు ముందే మనసుకు తెలుస్తుందని గణాంకాలతో చూపించిన డారిల్ బెమ్ 2011 వ్యాసం. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మేం చదివిన విభాగం ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారి కాలం నుంచి సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల అధ్యయనం) అన్న జంట పేరుతో నడిచింది కనుక, ఆ వ్యాసం వచ్చినప్పుడు నా తోటి విద్యార్థులు కొందరికి సంబరంగానే అనిపించింది. అదే పద్ధతులతో మళ్లీ చేసినవారికి ఆ ఫలితం రాలేదు. అప్పుడు అందరికీ కలిగిన అనుమానం బెమ్ మీద కాదు, అలాంటి ఫలితాన్ని కూడా తేలికగా పుట్టించగల తమ పద్ధతుల మీద. ప్రయోగం చేయకముందే ఏం కొలుస్తామో, ఎలా లెక్క వేస్తామో రాసి నమోదు చేయడం ఆ తరువాతే వ్యాపించింది.

అయితే సగం అబద్ధం అన్న మాట దగ్గర అబ్బాయి తొందరపడ్డాడు. ఒకసారి మళ్లీ రానంత మాత్రాన మొదటిది అబద్ధమని తేలదు. అదే అధ్యయనంలో జ్ఞాపకం, గ్రహణశక్తి వంటి విషయాల ప్రయోగాలలో సగం నిలబడ్డాయి, సామాజిక మనస్తత్వ ప్రయోగాలలో పాతిక శాతమే నిలబడ్డాయి. ఏ సగం అన్నదే అసలు ప్రశ్న. ఎన్నిసార్లు చేసినా నిలబడిన వాటిలో ఒకటి మీ పిల్లలిద్దరికీ రేపటి నుంచే పనికివస్తుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరిచేత ఒక్కసారే చదివించి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే చదివినవారే ఎక్కువ చెప్పారు. వారం తరువాత అడిగితే చదివినవారికి 40 శాతం, మూసి రాసినవారికి 61 శాతం గుర్తుంది. కనుక బాబును గంటసేపు పుస్తకం ముందు కూర్చోబెట్టాలని పోరాడకండి. ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, మీరు పొయ్యి దగ్గర ఉంటూనే ఏముందో చెప్పమనండి. తప్పు చెబితే తెరిచి చూసుకోనివ్వండి. పది నిమిషాలు చాలు. అదే పేరాను రెండు రోజులు పోయాక మళ్లీ అడగండి.

పాప విషయంలో నాకు సందేహమే లేదు. లెక్కలు వస్తాయో రావో తెలుసుకోవడానికి ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల లెక్కల నోటు పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి, లెక్కల మాస్టారు బడిలోనే ఉన్నారు. ఆయనను అడగండి. మెదడు కష్టపడితే పెరుగుతుందని నమ్మించే పాఠాల గురించి కూడా ఈ మధ్య గొప్పగా చెబుతున్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ పేరుతో ప్రచారంలో ఉన్న ఆ ఆలోచనను అమెరికాలో పన్నెండు వేలమంది తొమ్మిదో తరగతి పిల్లల మీద పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వెనకబడిన పిల్లల సగటు గ్రేడు 4.3 పాయింట్ల కొలతలో 0.1 పెరిగింది. గంటలోపు పాఠానికి అది చెడ్డ ఫలితం కాదు, మంత్రమూ కాదు. కాని నీకు లెక్కలు సరిపడవని ముద్ర వేసిన కాగితం ఇంట్లో ఉండగా ఆ పిల్ల ఒక్క లెక్క తప్పినా ఆ కాగితమే గుర్తుకు తెచ్చుకుంటుంది. ఇంట్లో ఎవరూ దాని ప్రస్తావన తేవద్దు.

బాబును నిపుణులకు చూపించవలసిన అవసరం ఎప్పుడంటే, కుదురులేకపోవడం, మధ్యలో పనులు వదిలేయడం, మాట పూర్తికాకముందే దూకడం వంటివి ఇంట్లోనే కాక బడిలో కూడా, ఆరు నెలలకు పైగా, చదువుకూ స్నేహాలకూ అడ్డుపడేంతగా ఉన్నప్పుడు. అది ఏకాగ్రత లోపానికి సంబంధించిన స్థితి కావచ్చు, దానికి చికిత్స ఉంది. వాడి తరగతి ఉపాధ్యాయురాలు అలా ఉందంటే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో క్లినికల్ సైకాలజిస్టును కలవండి. భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. వేలిముద్రలు తీస్తామంటే లేచి వచ్చేయండి.

హాస్టల్ గురించి మీవారికి ఇంకా మనసులో ఉంటే, బాబును అక్కడ దింపి వచ్చిన రోజు వాడు ఏమనుకుంటాడో ఆయననే అడగండి. సైకిల్ రాలేదు, ఇల్లు కూడా పోయింది అనుకోడా? దానికి ముందు మూడు నెలలు ఇంకో పని చేయండి. తీర్చలేని పెద్ద మాటలు ఇవ్వడం ఆపి, ఆ సాయంత్రానికే తీరే చిన్న మాటలు ఇవ్వండి. చీకటి పడేలోగా గట్టు మీదికి తీసుకెళ్తానంటే తీసుకెళ్లండి. తీపి పెట్టి ఆగమనవలసి వస్తే ప్లేటు మీద మూత పెట్టి, ఈలోగా ఏం చేద్దామో వాడితో చెప్పండి, రెండోది తప్పకుండా ఇవ్వండి. సైకిల్ డబ్బు ఈ దాళ్వాకూ చేతికి రాదనిపిస్తే ఆ సంగతి ఇవాళే, కారణంతో సహా, వాడిని పక్కన కూర్చోబెట్టుకొని వాళ్ల నాన్నే చెప్పాలి.